వార్డు గ్రూపులో నా గొంతు

మార్చి 3, సోమవారం

ఈ రోజూ నీళ్లు రాలేదు. కరెంటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపే చల్లారుతోంది. బొగ్గుల పెట్టె బయటకు తీశాను. దాన్ని నమ్మొచ్చు. అది ఏ పార్టీ కాదు.

తెల్లచొక్కా ఇంటి నుంచి మూట వచ్చింది. తెల్లచొక్కా అంటే మా వార్డు నాయకుడు. ఇంట్లో మేం అలాగే అనుకుంటాం. గంజి దండిగా పెట్టమంటాడు. కాలరు నిలబడితే మనిషి నిలబడ్డట్టే అంటాడు ఆయన డ్రైవరు. నిన్న కొత్త నీళ్ల ట్యాంకుకి రిబ్బన్ కటింగు జరిగింది. టీవీలో చూశాను. ఆయన ఒంటి మీద ఉన్నది నా చేతి చొక్కాయే. అంత తోపులాటలోనూ మడత చెదరలేదు. సంతోషం వేసింది. తర్వాత సిగ్గేసింది.

సాయంత్రం పంపు బావకు వాయిస్ పెట్టాను. ఒకే బడిలో చదువుకున్నాం, వరసకు బావ. వీధులకు నీళ్లు వదిలే వాల్వులు తిప్పడం ఆయన పని. ఈ వయసులో కూడా మునిసిపాలిటీలో కాంట్రాక్టు మనిషే. ఫోనులో అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడి వదిలేస్తాను. ఎదురుగా మనిషి ఉంటే నా నోరు పెగలదు. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ నా మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. మనిషి లేకపోతే మాత్రం బాగానే వస్తాయి.

ఈ రోజు ఇంకా బాగా వచ్చాయి. బావా, మీ కొత్త ట్యాంకు చూశాను, పెళ్లికొడుకులా ముస్తాబైంది, లోపల పెళ్లికూతురే లేదు అన్నాను. రిబ్బన్ కత్తిరించిన కత్తెర వెండిదటగా, అదేదో అమ్మి ట్యాంకరు తెప్పించినా వీధి గొంతు తడిసేది అన్నాను. మనం ఓటేసింది మనిషికి కాదు బావా, ఫ్లెక్సీకి. ఫ్లెక్సీ నవ్వుతుంది, దండం పెడుతుంది, నీళ్లు పొయ్యమంటే ఎక్కణ్నుంచి పోస్తుంది అన్నాను. మా వీధి ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి ఇళ్లకెళ్లి వండుకుని వస్తున్నారు, ఈసారి ఓటు హక్కు బిందెలకే ఇవ్వండి, రోడ్డు మీద నిలబడేది అవే కదా అన్నాను.

వదిలాక నవ్వుకున్నాను. ఒక్కణ్ణే.

మార్చి 4, మంగళవారం

బావ జవాబు పెట్టలేదు. వాల్వుల దగ్గర ఉండుంటాడు.

మార్చి 6, గురువారం

టీ కొట్టు దగ్గర నా గొంతు విన్నాను.

గ్లాసు అందుకుంటున్నాను. బెంచీ మీద ఎవరో ఫోను పెట్టారు. పెళ్లికొడుకులా ముస్తాబైంది అంటోంది ఫోను. టీ పొంగిందేమో అనుకున్నాను, పొంగింది నా గుండె. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. మళ్లీ పెట్టరా అంటున్నారు. బిందెల మాట దగ్గర ఒకాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఎవడ్రా వీడు, నోట్లో పటాకులు పెట్టుకు పుట్టినట్టున్నాడు అన్నాడు. టీ ఆయనైతే వీడు నిలబడితే నా ఓటు వీడికే, నా పెళ్లాం ఓటు కూడా నేనే వేస్తా అన్నాడు. నా వైపు తిరిగి, ఏం పెద్దాయనా, నువ్వు కూడా కొంచెం నవ్వొచ్చు, పన్నేం వేయరు అన్నాడు.

నవ్వాను. నా మాటకు నలుగురు నవ్వడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అది నేనే అందామని నోటిదాకా వచ్చింది. పచ్చి వెలక్కాయలా అక్కడే ఆగింది. డబ్బులిచ్చి వచ్చేశాను.

దారిలో బావ మీద కోపం వచ్చింది. మన మధ్య మాటలు ఊరంతా పంచిపెడతాడా అని. వాల్వుల గది దగ్గరికెళ్లి ఫోను చూపించాను. అడగడానికి నోరు రాక చూపించాను. నాకసలు నీ వాయిస్సే రాలేదు బావా అన్నాడు. తన ఫోను తీసి చూపించాడు. నిజమే, లేదు. అప్పుడు నా ఫోను లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

నేను పేర్లు చదవను. చిన్న అక్షరాలు. బొమ్మ చూసి నొక్కుతాను. బావ బొమ్మ ట్యాంకు. ఎప్పటినుంచో అదే. వార్డు గ్రూపని ఒకటుంది, నీళ్లు ఎప్పుడు వస్తాయో అందులో పెడతారు. దాని బొమ్మ గడియారం. రిబ్బన్ కటింగు రోజున తెల్లచొక్కా మనుషులు గడియారం తీసి కొత్త ట్యాంకు బొమ్మ పెట్టారట. రెండు ట్యాంకులూ ఒకటి కింద ఒకటి ఉన్నాయి. నేను పై దాన్ని నొక్కాను.

బావ చెమట తుడుచుకున్నాడు. ఎంత పని జరిగింది బావా అన్నాడు. చెరపబోయాడు. నా ఫోనులో చెరిగింది. ఊళ్లో చెరగలేదు.

మార్చి 7, శుక్రవారం, ఉదయం

మా అబ్బాయిని తీసుకెళ్లారు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాను. పోలీసు జీపు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకతను నంబరు చదివి ఇది ఎవరిది అన్నాడు. ఆ నంబరు నేను వాడేదే. కానీ సిమ్ము అబ్బాయి పేరు మీద ఉంది. ఫోను కూడా వాడి పాతదే. అబ్బాయి డ్యూటీకి బయల్దేరుతున్నాడు. మునిసిపాలిటీలో వీధిదీపాల పని వాడిది. భుజాన తాడు, చేతిలో టెస్టరు.

నాదే సార్ అన్నాడు.

మాట్లాడింది ఎవరు అన్నాడతను. నేనే అన్నాడు వాడు. అంటూ నా వైపు ఒకసారి చూశాడు. వాడి చిన్నప్పుడు నేను వాడిని అలా చూసేవాణ్ణి, పెద్దవాళ్ల మధ్య మాట్లాడకు అని.

ఫోనులో మా ఇద్దరి గొంతూ ఒకటే. కోడలే ఎన్నోసార్లు వాడనుకుని నాతో కూరగాయలు తెమ్మని చెప్పింది. వాడెంత చెప్తే అంత చెల్లుతుంది.

నేను నోరు తెరిచాను. తెరిచే ఉంచాను. జీపు సందు దాటింది. కాలిన వాసన వచ్చి చూస్తే పెట్టె తెల్లచొక్కా చొక్కా మీదే ఉంది. చెయ్యి దగ్గర పెట్టె అచ్చు గోధుమరంగులో దిగింది.

సాయంత్రం

కోడలు ఆసుపత్రి కౌంటర్ డ్యూటీ మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. స్టేషనుకెళ్లింది, లోపలికి పంపలేదు. వచ్చి వంటగదిలో గోడకానుకుని కూర్చుంది. ఈయనకెందుకు రాజకీయాలు, స్తంభాలెక్కి దీపాలు పెట్టుకోక అంది. నోరు జారితే ఏరుకోగలమా అంది. తర్వాత ఒక మాట అంది. మామయ్యా, మీలాగా నోట్లో నాలుక లేనట్టు ఉండుంటే మనకీ గతి పట్టేదా అంది.

అన్నం కలిపాను. అలాగే మూతపెట్టాను.

మార్చి 8, శనివారం

స్టేషనుకెళ్లాను. దారంతా ఒకే ముక్క చదువుకున్నాను, అయ్యా ఆ గొంతు నాది, అయ్యా ఆ గొంతు నాది అని. పద్యం అప్పజెప్పే పిల్లాడిలా.

ఎస్సై మంచివాడే. కూర్చోబెట్టాడు. చెప్పాను. ఏంటీ, వినపడలేదు అన్నాడు. మళ్లీ చెప్పాను. పక్కన కేసులు రాసే రైటరు పగలబడి నవ్వాడు. సార్, ఈయన గొంతట సార్ అది అన్నాడు. ఎస్సై నవ్వలేదు. ఫోను తీసి నా వాయిస్ పెట్టాడు. గదంతా వినపడింది. ఇప్పుడు ఇదే నువ్వు అను తాతా, ఒక్క ముక్క అను, ఫ్లెక్సీ ముక్క అను, రాసుకుంటాను అన్నాడు.

లేచి నిలబడ్డాను. వాళ్లు నా నోటి వైపే చూస్తున్నారు. నలుగురు. గోడ మీద ఫోటోలు కూడా చూస్తున్నాయి. నాలుక అట్టముక్క అయిపోయింది. గాలి వచ్చింది, మాట రాలేదు. బల్ల పట్టుకున్నాను.

ఎస్సై మంచినీళ్ల సీసా ఇచ్చాడు. కన్నప్రేమ అలాంటిది తాతా, నా తండ్రయినా ఇలాగే వచ్చేవాడు, ఇంటికి పో అన్నాడు. కానిస్టేబులు నా జబ్బ పట్టుకుని మెట్లు దింపాడు.

లోపల ఎక్కడో అబ్బాయి దగ్గు వినపడింది. వాడిదే. నాకు తెలుసు.

మార్చి 9, ఆదివారం

దేవుడు నోరిచ్చి తాళం కూడా ఇచ్చాడు. చెవి ఎవరి దగ్గరుందో చెప్పలేదు.

మార్చి 10, సోమవారం

అబ్బాయిని కోర్టులో పెట్టి జైలుకి పంపారు. జనాన్ని రెచ్చగొట్టాడట. మునిసిపాలిటీ వాళ్లు పనిలోకి రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషికి సస్పెన్షన్ కూడా ఉండదట. రావద్దంటే రావద్దు, అంతే.

కోడలు లేనప్పుడు వకీలుతో గొణిగాను, ఆ గొంతు నాదని. ఒక దారి చెప్పాడు. గొంతు మీదేనని తెలిసిన మనిషి ఎవరన్నా వచ్చి చెప్తే జడ్జి వింటాడు అన్నాడు. బావ ఉన్నాడు. బావ దగ్గర నా వాయిస్సులు బోలెడు. వానాకాలం నుంచి రోజూ పెడుతున్నాను.

వాల్వుల గదికెళ్లాను. బావ నన్ను చూసి వాల్వు తిప్పడం మొదలుపెట్టాడు. ఈ పూట తిప్పే వాల్వు కాదది. చెప్పాను. బావ ముందు నాకు మాట కొంచెం వస్తుంది. అన్నీ తీసేశాను బావా అన్నాడు. ఆ రోజే తీసేశాను, భయమేసింది అన్నాడు. ఏటేటా తెల్లచొక్కా తలూపితేనే నా కాంట్రాక్టు నిలుస్తుంది, ఆయన కుడికి ఊపితే పని, ఎడమకి ఊపితే ఇల్లు, నీకు తెలియందేముంది అన్నాడు. తర్వాత అటు తిరిగి, నీ వాయిస్ నేనెప్పుడూ వినలేదు, సరేనా అన్నాడు.

సరే అన్నాను.

ఇంటికొచ్చాక కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. నేనైనా అంతేనేమో.

మార్చి 12, బుధవారం

కండువా వచ్చాడు. ఓడిపోయిన పార్టీ ఆయన. భుజం మీద కండువా లేకుండా నేనాయన్ని చూడలేదు. వెనక కెమెరాలు. చెప్పులు విప్పకుండా లోపలికొచ్చారు. కోడల్ని ఏడవమన్నారు. ఆమె ఏడవలేదు. పిచ్చి కోపంగా చూసింది. అది కూడా బాగుంది తియ్యండి అన్నాడు కండువా.

నీ కొడుకు జాతి గొంతయ్యాడు పెద్దాయనా అన్నాడు నాతో. ఊరూరా సభల్లో వినిపిస్తున్నాం, జనం ఈలలు అన్నాడు. పక్కకు తీసుకెళ్లి చెవిలో చెప్పాను, అది నాదని. చెవిలో అయితే వచ్చింది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నమ్మాడు. ఆ కళ్లలో తెలిసింది. బయటివాళ్లలో నమ్మినవాడు ఈయనొక్కడే.

అయితే మాట మెత్తగా చేశాడు. పెద్దాయనా, జైల్లో కుర్రాడుంటే అది పోరాటం, ఇంట్లో ముసలాయనుంటే అది ఛాదస్తం, కాస్త ఊరుకో అన్నాడు. ఎన్నికలయ్యేదాకా ఊరుకో అన్నాడు.

ఎన్నికలు ఎప్పుడో ఆయనా చెప్పలేదు.

మార్చి 13, గురువారం

టీవీలో నా గొంతు కింద అబ్బాయి ఫోటో. ట్యాంకు ఇంకా ఎండిందే.

మార్చి 15, శనివారం

జైల్లో వాణ్ణి చూశాం. మధ్యలో జల్లెడలాంటి ఇనుప వల. అటు ఇటు జనం అరుస్తున్నారు. అందరి మాటలూ కలిసిపోయి కాకుల చెట్టులా ఉంది. నేను ఎలాగూ అరవలేను. వల మీద వేలు పెట్టాను. వాడు అటునుంచి వేలు పెట్టాడు.

కోడలు అడిగింది, నీకేం పుట్టింది, ఎందుకన్నావు ఆ మాటలు అని. వాడు నవ్వాడు. ట్యాంకు చూస్తే నవ్వొచ్చింది, అన్నాను అన్నాడు. గడ్డం పెరిగింది. ఆమె ఫలహారం డబ్బా ఇవ్వడానికి గేటు దగ్గరికెళ్లింది. అప్పుడు వాడు వంగి నాతో అన్నాడు. నాన్నా, నువ్వు మళ్లీ స్టేషనుకెళ్లకు, నువ్వొచ్చావని ఎస్సై చెప్పాడు, అక్కడ నువ్వు ఒక్క పూట బతకవు, నేను స్తంభాలెక్కేవాణ్ణి, నాకేం కాదు అన్నాడు. నా తప్పురా అన్నాను. ఏం తప్పు, బాగా అన్నావు, ఇన్నేళ్లూ ఇంట్లో దాచుకున్నావేంటి ఆ నోరు, నేను విని ఎంత నవ్వానో తెలుసా అన్నాడు.

కళ్లు మాత్రం నవ్వలేదు. వాడి కుడిచెయ్యి గుప్పిట విప్పలేదు మేమున్నంతసేపూ. ఏమైందిరా అంటే ఏం లేదన్నాడు.

స్తంభం ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి.

మార్చి 17, సోమవారం

ఈ రోజు చేశాను.

కోడలు ఫోను ఇంట్లో వదిలి స్నానానికెళ్లింది. వెనక గదిలోకి తీసుకెళ్లాను. నా ఫోను పోలీసుల దగ్గరుంది. ఆమె ఫోనులో కూడా వార్డు గ్రూపుంది. ట్యాంకు బొమ్మ. ఈసారి పొరపాటు కాదు. మైకు నొక్కాను.

మనుషులెవరూ లేరు. మాట వచ్చింది. వరద వచ్చినట్టు వచ్చింది. ఆ రోజు అన్నది నేనే అన్నాను. ఇస్త్రీ బల్ల పెట్టుకునే ముసలాణ్ణి అన్నాను. పెళ్లికొడుకు ముక్కా, బిందెల ముక్కా మళ్లీ అన్నాను. నా కొడుక్కి చెమట పట్టడం తెలుసు గానీ చమత్కారం తెలియదు, వాణ్ణి వదిలెయ్యండి, అయ్యా నాయకులూ, మీ చొక్కాల మీద ముడత లేకుండా ఇన్నేళ్లు చూసుకున్నాను, నా ఇంటి మీద ఒక్క ముడత తీసిపెట్టండి అన్నాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మాట్లాడాను.

మైకు ఆపి, ఇంకా పంపకుండానే తల తిప్పితే గుమ్మంలో కోడలు. తడి జుట్టు. ఎప్పటినుంచి నిలబడిందో. నా నోటి నుంచి నాలుగు మాటలకు మించి ఆమె వినలేదు, ఇంటికొచ్చినప్పటినుంచి.

మీరా మామయ్యా అంది. తల దించుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నేను ఆయన్ని ఎన్నెన్ని మాటలన్నాను, ఇన్నాళ్లూ మీరు అక్కడ కూర్చుని వింటూ ఉన్నారా అంది. గోడకేసి చెయ్యి కొట్టుకుంది. నా చేతిలోంచి ఫోను తీసుకుంది. చెరిపేస్తుందేమో అనుకున్నాను.

తనే బాణం గుర్తు నొక్కి పంపింది. వెళ్లింది అంది.

మార్చి 18, మంగళవారం

టీవీలో చర్చ పెట్టారు. కోట్లు తొడుక్కున్నవాళ్లు నలుగురు, ఒకామె. నిన్నటి వాయిస్ కంప్యూటరుతో చేసిందట. ఇప్పుడు మెషిన్లు ఏ గొంతైనా పలుకుతాయట. ముసలాయన ఏడుపు కూడా మెషిన్ ఏడుపేనట, నిజం ఏడుపయితే మధ్యలో ఊపిరి ఇంత సరిగ్గా ఉండదని ఒకాయన తెరమీద గీతలు చూపించి చెప్పాడు. కండువా పార్టీ వాళ్లు చేయించారని తెల్లచొక్కా పార్టీ. తెల్లచొక్కా వాళ్లే చేయించి కుర్రాడి పోరాటాన్ని నీరుగారుస్తున్నారని కండువా పార్టీ. ఆ ఒక్క మాట మీద ఇద్దరూ కలిశారు, అది మనిషి గొంతు కాదని.

కోడలు టీవీ కట్టేసింది. నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. కొట్టుకుంటోంది. ఎవరికి చూపించను.

మార్చి 20, గురువారం

తెల్లచొక్కా పిలిపించాడు. కోడలు కూడా వచ్చింది. వాకిట్లో నిలబెట్టలేదు, సోఫాలో కూర్చోబెట్టాడు. అది చూసే భయమేసింది.

ఏమ్మా, నీ నంబరు నుంచి ఏదో వచ్చిందటగా అన్నాడు. దాని మీద కూడా కేసు రాస్తామంటున్నారు, నేనే ఆపాను, ఆడపిల్లవి అన్నాడు. రేపు బెయిలుకి మావాళ్లు అడ్డు చెప్పరు అన్నాడు. కుర్రాడు వచ్చి ట్యాంకు ముందు నిలబడి, తాగి వాగాను, తప్పయింది, నీళ్లు బాగా వస్తున్నాయి అని వీడియోలో చెప్పాలి. కేసు మెల్లగా కొట్టేయిస్తాను, మళ్లీ నిచ్చెనెక్కొచ్చు అన్నాడు. జైల్లో కుర్రాడితో మాట్లాడాం, నీ కేసు మాట చెప్పగానే ఒప్పుకున్నాడు అన్నాడు కోడలితో.

మేం చేసిన రెండో వాయిస్ వాడి మెడకు తాడైంది. మొదటిదానికి వాడు లొంగలేదు.

నేను లేచాను. నేను చెప్తానయ్యా ట్యాంకు ముందు అన్నాను. తాగి అన్నానని నేను చెప్తాను అన్నాను. ఇది మాట్లాడాను, నిజంగానే, ఇద్దరి ముందు. మెల్లగా అయినా మాట్లాడాను. ఆయన నా భుజం తట్టాడు. నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు పెద్దాయనా, ఈ ఊళ్లో నీ గొంతు విన్నవాడు ఒక్కడున్నాడా అన్నాడు. డ్రైవరు ఫక్కుమన్నాడు.

వచ్చేటప్పుడు మూట ఇచ్చారు. శనివారానికి కావాలట. గంజి దండిగా.

మార్చి 22, శనివారం

జైలు గేటు నుంచి వాణ్ణి ఇంటికి తీసుకురానివ్వలేదు. కారులో నేరుగా ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ కోడలూ ఆటోలో వెనక. ఒళ్లో వాడి చొక్కా. తెల్లవారే లేచి ఇస్త్రీ చేశాను. వాడి గీతల చొక్కా. కారు చాటున కోడలు తొడిగింది. వాడి కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. గుండీలు ఆమే పెట్టింది.

ట్యాంకు కింద కుళాయిలు బిగించారు. ట్యాంకర్లతో తెచ్చి నింపారట. పంపు బావ వాల్వు దగ్గర నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. జనం బిందెలతో వచ్చేశారు. నీళ్లనగానే ఎవరు రారు. తెల్లచొక్కా అబ్బాయి భుజం మీద చెయ్యేశాడు. ఫోను పట్టుకున్నవాడు రెడీ అన్నాడు.

వాడు మొదలుపెట్టాడు. పేరు చెప్పాడు. వీధిదీపాల పని అన్నాడు. ఆ రోజు నేను తాగి అన్నాడు.

వాడు తాగడు. స్తంభమెక్కేవాడికి మందు పనికిరాదని ఇంట్లో దగ్గు టానిక్కు కూడా ముట్టడు.

అప్పుడు నా గొంతు వచ్చింది. ఎక్కణ్నుంచో తెలియదు. కడుపులోంచి, కాళ్లలోంచి. నేనే అన్నానురా అని అరిచాను. వాడు కాదు, నేను, నేను అని అరిచాను. ట్యాంకుకి కొట్టుకుని తిరిగొచ్చింది. బిందెల వాళ్లందరూ ఆగిపోయారు. ఆ రోజు స్టేషన్లో రాని మాట ఇంతమంది ముందు వచ్చింది. అందరూ విన్నారు. బావ విన్నాడు. ఎస్సై కూడా జీపులో ఉన్నాడు, విన్నాడు, తలుపు తీసి దిగాడు.

ఇప్పుడు ఏదో ఒకటి అవుతుంది అనుకున్నాను.

ఫోను పట్టుకున్నవాడు, ఛ, పాడైపోయింది, మళ్లీ తీద్దాం అన్నాడు. పెద్దాయన్ని కొంచెం అవతలికి తీసుకెళ్లండి అన్నాడు తెల్లచొక్కా, గౌరవంగానే. ఎస్సై వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. పద తాతా అన్నాడు. చెయ్యి మెత్తగా ఉంది. జీపు అవతల నీడలో కూర్చోబెట్టాడు. అక్కణ్నుంచి వినపడుతుంది, కనపడదు.

అబ్బాయి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. పేరు, పని, తాగి. ఈసారి తడబడలేదు. తప్పయింది అన్నాడు, నీళ్లు బాగా వస్తున్నాయి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండోసారి బాగా వచ్చిందన్నారు.

మార్చి 25, మంగళవారం

ఇప్పుడు నాకు మాటలు వస్తున్నాయి. పాలాయనతో అన్నాను, ఆ గొంతు నాదని. అవును పెద్దాయనా అన్నాడు. టీ కొట్టులో అందరికీ చెప్పాను. అవునవును, కూర్చో అని బెంచీ తుడిచారు. పక్కింటావిడ, ఎండలో తిరక్కండి అంది. ఎవరూ కాదనడం లేదు. పొద్దుటినుంచి మాట్లాడుతూనే ఉన్నాను, ఆపుకోలేకపోతున్నాను. అబ్బాయి లోపల మంచం మీద ఉన్నాడు. వాడి ఫోను మోగుతోంది. వాడు ఎత్తడం లేదు. నేనెత్తితే మాట్లాడేది వాడేననుకుంటారు. కోడలు నా వైపు చూస్తోంది, ఎత్తవద్దని.